ఎడమ చెవి కోత

ఆయన చొక్కా జేబులో ఎర్ర పెన్ను ఉండేది కాదు. చిన్న కత్తెర ఉండేది. అరచేతిలో దాగిపోయేంత కత్తెర. ఒకవైపు పిడి విరిగితే నల్ల దారం చుట్టుకున్నారు. మా ఇంగ్లీషు సారును తలుచుకుంటే నాకు ముందు కనిపించేది ఆయన మొహం కాదు, దారం చుట్టిన ఆ పిడిలో దూరిన బొటనవేలు.

మొన్నటి వానల్లో ఆయన పోయారు. ఉదయగిరి వెళ్ళి, దండ వేసి, వాకిట్లో కాసేపు నిలబడి, ఆత్మకూరు బస్సెక్కి వచ్చేశాను. ఆయనతో చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. బతికుండగా చెప్పలేదు, ఆ రోజూ చెప్పలేదు. ఆయనది ఒకటి తీసుకుని ఆరేళ్ళుగా నాదని చెప్పుకుంటున్నాను. కత్తెర కాదు. కత్తెరతో ఆయన చేసే పని.

నేనూ ఇంగ్లీషు టీచర్నే, ఆత్మకూరులో ఒక హైస్కూల్లో. పోయిన నెల తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక పద్యం ఇచ్చి, మీకు తోచిన అర్థం రాసుకురమ్మన్నాను. నలభై కాయితాలు వచ్చాయి. సగానికి పైగా ఒకే వాక్యంతో మొదలయ్యాయి. ఫోనును అడిగితే అది చెప్పిన వాక్యం. ఎక్కడా చేతికి గరుకు తగలని నున్నటి ఇంగ్లీషు. నాకు కోపం రాలేదు, ఎందుకంటే మా తరగతిలో దానికో పద్ధతి ఉంది. ఎవరి మాటైనా తెచ్చి రాసుకుంటే ఆ వరుస పక్కన కాయితం అంచును చిన్నగా కత్తిరించాలి. గైడుదైనా, ఫోనుదైనా, పక్క బెంచీదైనా సరే. కత్తిరిస్తే మార్కులు పోవు. కత్తిరించకుండా దాస్తే పోతాయి. దాని పేరు మార్జిన్ కట్. తరగతి గోడమీద చార్టు ఉంది, కింద నా పేరు ఉంది.

ముందు బెంచీలో ఒక పిల్ల కూర్చుంటుంది. అనంతసాగరం నుంచి షేరాటోలో వస్తుంది. ఆ రోజు కాయితం ఇస్తూ ఇస్తూ ఆగింది.

"మేడమ్, ఈ మార్జిన్ కట్ మీరే కనిపెట్టినారా?"

"ఎందుకమ్మా?"

"మీరు కాకపోతే, ఆ చార్టుకు కోత ఏడ పెట్టాల మేడమ్?"

తరగతి మొత్తం నవ్వింది. పిల్ల నవ్వలేదు, నిజంగానే అడిగింది. "ముందు నీ పాఠం చూసుకో" అన్నాను. అన్నానే గానీ ఆ రోజంతా ఏ తరగతిలో ఏం చెప్పానో నాకు గుర్తులేదు. చూపంతా ఉదయగిరి కొండమీదికి పోయింది.

నేను పదో తరగతి దాకా చదివిన ఉదయగిరి అంటే నాకు కొండా, ఆ కొండ కనిపించే కిటికీ, ఆ కిటికీ దగ్గర సారూ. చెప్పులు గుమ్మం బయట విడిచి తరగతిలోకి వచ్చేవారు. ఎందుకు సార్ అంటే, "పద్యం కాడికి పోతుండాం గదా" అనేవారు. పుస్తకం మూసి, కిటికీకి ఆనుకుని, పద్యం మొత్తం నెమ్మదిగా చెప్పేవారు. మధ్యలో ఒకచోట ఆగిపోయేవారు. మరిచిపోయి కాదు. వానాకాలం పొద్దుల్లో కొండ సగం మబ్బులో ఉండేది, పాత కోటగోడ ఒకచోట కనిపించి ఇంకోచోట మాయమయ్యేది. ఆయన దాన్నే చూస్తూ ఉండేవారు. మేము ఆయన్ని చూస్తూ ఉండేవాళ్ళం. బెంచీలు నేలమీద లేవేమో అనిపించేది. ఎంతసేపో తెలియదు. తర్వాత ఆయన గొంతు ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడే మళ్ళీ మొదలయ్యేది.

పద్యం అయ్యాక అర్థం చెప్పమని ఎప్పుడూ అడగలేదు. "ఏడికి పోయొచ్చినారు?" అని అడిగేవారు.

"ఏడికీ పోలేదు సార్, ఈడనే ఉండాం."

"మంచిది. ఇంకోసారి పోదాం పట్టండి" అని మళ్ళీ మొదటినుంచి చెప్పేవారు.

టీ సాసరులో పోసుకుని కళ్ళు మూసుకుని తాగేవారు. బస్సు తప్పిపోతే నవ్వేవారు. ఆయన పుట్టిన ఊరు సోమశిల నీళ్ళ కింద ఉంది. డ్యామ్ కట్టినప్పుడు మునిగింది. ఎండలు ముదిరి నీళ్ళు వెనక్కి పోయినప్పుడు ఆదివారాలు వెళ్ళి ఒడ్డున కూర్చుని వచ్చేవారట. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే మాట మార్చేవారు.

ఆయనకో వింత పట్టింపు ఉండేది. జవాబులు నోటుబుక్కులో ఎడమవైపు పేజీలోనే రాయాలి. కుడివైపు ఖాళీగా వదలాలి. సగం పుస్తకం దండగ అని మా హాస్టలు వార్డెను గొణిగేది. అది మొదటినుంచీ ఉన్నది కాదు. పదో తరగతి మధ్యలో, కత్తెరతో పాటు వచ్చింది. ఎలా వచ్చిందో చెబుతాను.

మా రీడరులో ఒక పద్యం ఉండేది. సముద్రం పక్కన ఇల్లు, కిటికీలో రోజూ దీపం పెట్టే ఒక ముసలమ్మ. అంతే. మాలో సముద్రం చూసినవాళ్ళు లేరు. అందరం గైడు చూసి రాశాం, దీపం ఆశకు గుర్తు అని. సారు మర్నాడు పుస్తకాల దొంతర తెచ్చి బల్లమీద పెట్టి, ఒక్కొక్కటీ తెరిచి అదే వాక్యం చదవడం మొదలుపెట్టారు. పదో పుస్తకం వచ్చేసరికి మాకు నవ్వు, ఇరవయ్యో పుస్తకం వచ్చేసరికి సిగ్గు.

"గైడు రాసినాయన ఏడికి పోయొచ్చినాడో బాగా తెలిసింది. మీరేడికి పోయినారో తెలీలా" అన్నారు. మార్కులు వెయ్యలేదు, కొట్టలేదు. పుస్తకాలు అలాగే తిరిగి ఇచ్చేశారు. మనిషి మాత్రం దిగులుగా కనిపించారు. దొంగతనం అనే మాట ఆయన నోట ఎప్పుడూ రాలేదు. ఆ మాట లేకుండా మాకెలా చెప్పాలో తోచక తిప్పలు పడ్డారని ఇప్పుడు అర్థమవుతోంది.

ఆ ఆదివారమే ఆయన మా పల్లెకు వచ్చారు. మా నాయన గొర్రెలు మేపేవాడు. నన్ను ఆత్మకూరులో ఇంటర్ చదివించమని నాయనతో చెప్పడానికి వచ్చారు. ఆయన్ని చూడగానే నాకు భూమి చీలిపోతే బాగుండు అనిపించింది. హాస్టల్లో నా పక్కన పడుకునే పిల్లలు గొర్రెల వాసనని ముక్కు మూసుకుని ఆటపట్టించేవాళ్ళు. ఇంగ్లీషు బాగా నేర్చుకుంటే ఆ వాసన పోతుందని నాకో పిచ్చి నమ్మకం ఉండేది. సారు వచ్చి తిన్నగా దొడ్డిలోనే నిలబడ్డారు, మంద మధ్యలో, చెప్పులు బయట విడిచి.

అప్పుడే అనంతసాగరం వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఆయన గొర్రె తప్పిపోయి మూడు నెలలుగా మా మందలో తిరుగుతోంది, ఈలోగా ఒక పిల్లను కూడా వేసింది. నాయన దాన్ని లాక్కొచ్చి నిలబెట్టాడు.

"చెవి చూసుకో మామా."

ఒక్కో మందకు ఒక్కో చెవి కోత ఉంటుంది. పెద్దాయన చెవి తడిమాడు. "నాదేరా."

"తోలకపో. నీళ్ళకీ మేతకీ ఏం తక్కువ చెయ్యలా."

"మరి పిల్ల?"

"నువ్వే చెప్పాల."

"నీ మందలో పుట్టింది, నీ మేత తిన్నది. నువ్వే ఉంచుకో. మనోళ్ళలో ఉండేదే గదా." పెద్దాయన తల్లిని తోలుకుని వెళ్ళిపోయాడు. పిల్ల కాసేపు అరిచి, తర్వాత మంద వెంట పడింది.

సారు ఈ తతంగమంతా నోరు తెరుచుకుని చూశారు. "ఇప్పుడా పిల్ల చెవికి ఎవురి కోత పెడతావు?" అని నాయన్ని అడిగారు.

"నాదే సార్. కానీ ఎవురన్నా అడిగితే దీని తల్లి ఫలానోళ్ళదని చెప్తా. అది దాస్తే మళ్ళ ఏ మందా నన్ను నమ్మదు."

తర్వాత వాళ్ళిద్దరూ దొడ్డి మూలకు వెళ్ళి గొర్రె పిల్లల చెవులు చూసుకుంటూ చాలాసేపు మాట్లాడుకున్నారు. నేను వెళ్ళలేదు. చెవులు కోస్తే నెత్తురు వస్తుంది. చిన్నప్పటినుంచీ కోత పెట్టే రోజు నేను ఇంట్లో దూరి తలుపు వేసుకునేదాన్ని. గొర్రెలవాళ్ళ ఇంట పుట్టి, మా మంద గుర్తు ఎలా ఉంటుందో నాకు తెలియదు అంటే ఎవరూ నమ్మరు. కానీ తెలియదు. తెలుసుకోవాలనుకోలేదు.

సోమవారం ఆయన జేబులో కత్తెర కనిపించింది.

"మీరు చదివే పద్యం తల్లిగొర్రె. అది రాసినాయనది. దాన్ని మీ మందలో కొన్నాళ్ళు మేపితే మీకొక పిల్ల పుడతాది, అది మీది. గైడులోది తెచ్చుకుంటారా, తెచ్చుకోండి. కానీ ఇది మాది కాదని చెవి కొయ్యండి" అని, ఒక నోటుబుక్కు తీసుకుని గైడు వాక్యం ఎదురుగా ఎడమ అంచున రెండు కోతలు పెట్టారు. పైన ఒక చీలిక, దాని కింద చిన్న నెలవంక. ఎప్పుడు పెట్టినా రెండే, అదే వరసలో. వెనక నుంచి ఎవరో "గొర్రెలోళ్ళ కోత" అన్నారు. అందరూ నావైపు చూశారు. నేను తల వంచుకున్నాను.

మాలో ఒకడు మర్నాడు పుస్తకం అంచు మొత్తం దువ్వెనలా కత్తిరించుకొచ్చాడు. "అంతా గైడే సార్" అన్నాడు. సారు పొట్ట పట్టుకుని నవ్వారు. "నువ్వు మొగోడివిరా. నిజం జెప్పినావు. ఇప్పుడు ఒక్క వరస, ఒక్కటంటే ఒక్కటి, కోత లేంది రాసుకురా" అన్నారు. వాడు వారం రోజులు తంటాలు పడి ఒక వరస రాశాడు. దాన్ని ఆయన పద్యం చదివినంత నెమ్మదిగా చదివి వినిపించారు.

నేను కూడా రాశాను. మందను పొలాల్లో నిలిపినప్పుడు నాయన గుంజకు లాంతరు కట్టేవాడు. అది ఎవర్నీ పిలవడానికి కాదు, నక్కా తోడేలూ దగ్గరికి రాకుండా. నాకు దీపం అంటే అదే. అందుకని వచ్చీరాని ఇంగ్లీషులో, ఆ ముసలమ్మ కొడుకు కోసం దీపం పెట్టలేదు, సముద్రం ఇంట్లోకి రాకుండా పెట్టింది అని రాశాను. నాలుగే వాక్యాలు, ఆరు తప్పులు.

సారు చదివి, కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. ఆ రోజు కొండమీద మబ్బు లేదు. పుస్తకం మూసి ఇటు తిరిగారు.

"నాకైతే ఆ దీపం నీళ్ళ అడుగున కనపడేది మ్మే" అన్నారు మెల్లగా. "రానీకుండా పెట్టింటే బాగుండు."

కత్తెర జేబులోంచి తీయలేదు. ఆ పేజీ అంచు చెక్కుచెదరకుండా తిరిగి వచ్చింది. నా బతుకులో నాకు దొరికిన మొదటి బహుమానం అదే. ఆ ఒక్క పేజీ వల్లే నేను ఇంగ్లీషు టీచరునయ్యాను.

ఇంత ఇచ్చిన మనిషికి నేను చేసింది ఇది. ఆరేళ్ళ కిందట ఆత్మకూరులో ఇంగ్లీషు టీచర్లకు శిక్షణ పెట్టారు. పిల్లలు చూసి రాయడం ఎలా మాన్పించాలి అనే అంశం మీద నేను మాట్లాడాను. ప్రొజెక్టరు మీద బొమ్మలు వేసి చూపించాను. రెండు కోతలెందుకు, ఒకటి చాలు అని మార్చాను. ఎడమా కుడీ పట్టింపు తీసేశాను. మార్జిన్ కట్ మెథడ్ అని పేరు పెట్టాను. గొర్రె అన్న మాటే రానివ్వలేదు.

శిక్షణ నడుపుతున్నాయన అడిగాడు, "చాలా బాగుంది మేడమ్. ఈ ఐడియా ఎక్కడిది?"

ఒక్క క్షణం మా దొడ్డి, ఆ ముక్కులు మూసుకున్న పిల్లలు, అన్నీ కళ్ళముందు తిరిగాయి. "నా సొంతదే సార్. క్లాసులో చేస్తూ చేస్తూ వచ్చింది" అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్య చివరి వరసలో మా సారు కనిపించారు. రిటైరయినవాళ్ళను కొందరిని పిలిచారట, నాకు తెలియదు. ఆయన కూడా చప్పట్లు కొడుతున్నారు.

టీ వేళ సాసరు పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. "బాగా జెప్పినావు మ్మే" అన్నారు. నేను పంచిన కాయితం చేతిలోకి తీసుకుని, ఎడమ అంచు వెంట బొటనవేలు పోనిచ్చారు. చెయ్యి కత్తెర ఉండే జేబు దాకా వెళ్ళింది. ఖాళీగా వెనక్కి వచ్చింది.

"నాయన బాగుండాడా?"

"ఉన్నాడు సార్."

"మందతో పోతుండాడా ఇంకా?"

"పోతున్నాడు."

"నేను అడిగినానని చెప్పు. మర్చిపోవాకు."

మర్చిపోలేదు. చెప్పలేదు, అంతే. చెబితే ఎక్కడ కలిశావు, ఏం మాట్లాడావు అని నాయన అడుగుతాడు. ఆ తర్వాత సారు ఎదురుపడకుండా చూసుకున్నాను. ఉదయగిరి బస్సులో ఆయన తల కనిపించి తర్వాతి బస్సు ఎక్కిన రోజులున్నాయి.

ఆ పిల్ల ప్రశ్న వేసిన వారం, శనివారం నాడే సారు ఇంటికి వెళ్ళాను. సారు భార్య, అమ్మగారు, నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"నువ్వు దీపం పిల్లవి గదా?" అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఆమె లోపలికి వెళ్ళి గుడ్డసంచిలోంచి సారు పాఠాలు రాసుకునే నోటుబుక్కు ఒకటి తెచ్చి చేతిలో పెట్టారు. "రిటైరయ్యేదాకా ఏటేటా ఆ దీపం పాఠం నీ మాటతోనే చెప్పినాడమ్మా. ఇది నాది గాదు, మా పిల్ల జెప్పింది అనేవాడు. ఇంటికొచ్చి నాకూ జెప్పేవాడు." నోటుబుక్కు తెరిచాను. ఎడమ పేజీ. దీపం పిలిచేదానికి కాదు, రానీకుండా అని ఆయన అక్షరాలు. పక్కన నా పేరు, నా ఊరు, నా తరగతి. అంచున పైన చీలిక, కింద నెలవంక. ఎవరూ చూడని పుస్తకంలో, తన కోసం తను రాసుకున్న పుస్తకంలో కూడా కోత పెట్టుకున్నారు ఆయన.

నాకు ఏడుపు ఆగలేదు. జరిగింది అమ్మగారికి చెప్పేశాను, ఇదంతా రాస్తానని కూడా చెప్పాను. "రాసుకో. పేరు మాత్రం ఎయ్యబాకమ్మా, అచ్చులో పేరంటే ఆయనకి గిట్టదు" అన్నారు. అందుకే ఇక్కడ ఆయన పేరు లేదు.

ఆ నోటుబుక్కు అడిగి తీసుకుని మా పల్లెకు వెళ్ళాను. పొద్దు వాలుతోంది. మంద అప్పుడే దొడ్డి చేరింది. నాయన గట్టుమీద కూర్చుని ఉన్నాడు. ఆయనకు చదువు రాదు.

"ఏంది మ్మే అది?"

"సార్ పుస్తకం."

నాయన తీసుకుని పేజీమీద చెయ్యి వేసి నిమిరాడు. అక్షరాలన్నీ దాటుకుని వేలు అంచు దగ్గరికి వచ్చి ఆగింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ తడిమింది.

"ఇది మనదే గదా" అన్నాడు.

"ఏంది మనది?"

పక్కనున్న గొర్రెను కాలితో దగ్గరికి తీసుకుని, దాని ఎడమ చెవి నా చేతికి ఇచ్చాడు. వెచ్చగా ఉంది. పైన చీలిక. కింద నెలవంక. ఇన్నేళ్ళు వచ్చాక మా మంద గుర్తును మొదటిసారి ముట్టుకున్నాను.

"మా అబ్బ కాణ్ణించి వచ్చిన కోత. ఈ చుట్టుపక్కల ఇంకెవురికీ లేదు. ఆ దినం సార్ అడిగినాడు, ఈ కోత నేను వాడుకోవచ్చునా అని. నీకు గొర్రెల్లేవు గదా సార్ అన్నా. పిలకాయల కోసం అన్నాడు. సరే, ఎడమ పక్కనే కొయ్యి, కుడి పక్క కోస్తే ఇంకొకరిదైపోతాది అన్నా. మాట తప్పలా చూడు."

ఎడమ పేజీలు. హాస్టలు వార్డెను గొణుగుడు. ఆయన కత్తిరించిన ప్రతి కాయితం మీదా మా నాయన ఉన్నాడు. ఆ శిక్షణలో సారు బొటనవేలు వెతికింది తన కోసం కాదు, నాయన కోత కోసం. నాయన బాగుండాడా అని అడిగింది కూడా ఊరికే కాదు.

"నాయనా, ఇది నేను కనిపెట్టినానని అందరికీ చెప్పుకున్నా."

నాయన నవ్వాడు. "నీది గాక ఎవురిది మ్మే? ఇంట్లోదే గదా." గొర్రెను కాలితో మందలోకి నెట్టి మళ్ళీ అన్నాడు, "అయితే సార్‌ని అడిగినావా?"

"లేదు."

"అడగాల్సింది" అన్నాడు. కోపంగా అనలేదు. చీకటి పడకముందే లెక్క చూసుకోవాలని లేచి మందలోకి వెళ్ళిపోయాడు.

సోమవారం తరగతిలోకి వెళ్ళేముందు గుమ్మం బయట చెప్పులు విడిచాను. గోడమీది చార్టు దించి బల్లమీద పరిచాను. సారు పేరు బోర్డు మీద రాసి, దాచకుండా అంతా చెప్పాను. మా దొడ్డి సంగతి, హాస్టలు సంగతి, శిక్షణలో నేను ఆడిన అబద్ధం, అన్నీ. చార్టు కింద నా పేరు కొట్టేసి, కత్తెర తీసుకుని, ఎడమ అంచున రెండు కోతలు పెట్టాను. అలవాటు లేక నెలవంక వంకర పోయింది.

ముందు బెంచీ పిల్ల లేచి దగ్గరికొచ్చి, ఆ అంచును వేలితో తడిమి చూసింది.

"ఇది ఎవురి కోత మేడమ్?"

"మా నాయనది" అన్నాను. "గొర్రెలు మేపుతాడు. మా సార్ అడిగి తీసుకున్నారు. నేను అడక్కుండా తీసుకున్నాను."